నగరపాలనము, యుద్ధము, బండిలో చోటు
(స్మారకోపన్యాసము)



ఎవరి స్మృత్యర్థము ఏటేట ఈ ఉపన్యాసము జరుగుచున్నదో ఆ పెద్దలు పురపాలక వ్యవహారములలో తల నెరసినవారు. వీధిదీపము, మురుగుకాలువ, సంతపన్ను, బండ్ల అడ్డా మొదలగు చిల్లర వ్యవహారములందే ప్రభుత్వధర్మము పరీక్షకు నిలుచునని దృఢముగా నమ్మినవారు. వారి పేర జరుగు సభలో మాటాడుటకు నన్నాహ్వానించినప్పుడు, ఏదైన గంభీరమైన తాత్త్వికవిషయము నెత్తుకొనుటకంటె, వారికి ప్రియమైన ఆ చిల్లర వ్యవహారములలో ఒకదానినే గ్రహించి, దానిలో ఇమిడియున్న పెద్ద ప్రశ్నను మీ ముందుంచుట ఉచితమని తోచినది. ఆ ప్రశ్న యిది: యుద్ధమువంటి విపత్కాలమున, బండిలో ఎవరికి చోటు, ఎవరికి లేదు అన్న నిర్ణయము మనుష్యుని జాతినిబట్టియు పుట్టుకనుబట్టియు జరుగుచుండగా, ఆ నగరమును పాలించువారి కర్తవ్యమేమి?

ఈ విషయము మనకు దూరమని ఎవరికైనను తోచినచో, వారొకసారి ఆదోని కోటక్రింద నిలిచియున్న జామియా మసీదును జ్ఞప్తికి దెచ్చుకొనవలయును. దానిని కట్టించిన సిద్ది మసూద్ ఖాను ఆఫ్రికాఖండమునుండి వచ్చిన హబ్షీజాతివాడు. బిజాపుర రాజ్యమున అత్యున్నతాధికారము వహించి, పిదప ఆదోనిని ఏలినవాడు. 17వ శతాబ్దమున నల్లనివాడొకడు పాలకుడై కూర్చున్న ఈ యూరి ప్రక్కనుండియే, రెండు శతాబ్దముల తరువాత, మదరాసు రైల్వేవారి వాయవ్యమార్గము సాగి, 1871లో రాయచూరువద్ద బొంబాయినుండి వచ్చు మార్గముతో కలిసినది. ఆ రైళ్లలో ఐరోపీయులకును ఆంగ్లో ఇండియనులకును ప్రత్యేకముగ కేటాయించిన పెట్టెలు సగము ఖాళీగ సాగిపోవుచుండగా, తక్కిన మూడవ తరగతి పెట్టెలలో జనము ఒకరిపై నొకరు పడి ప్రయాణము చేయుచుండెడివారు. టిక్కెట్టు వెల నిర్ణయించునది దూరము. కూర్చుండు చోటు నిర్ణయించునది దేహచ్ఛాయ.

అయితే దొరల రైలునొక్కదానినే నిందించి ఊరకుండుట మనకు తగదు. రైలు దిగినపిమ్మట ఎక్కవలసిన బండి మనదే గదా! 1901లో, సుమారు పదియేండ్ల ప్రాయపు భీమరావు అంబేద్కరు, గోరెగాములో ఉద్యోగము చేయుచున్న తండ్రిని చూచుటకై తోడి పిల్లలతో రైలెక్కి మసూరు స్టేషనులో దిగెను. మంచి దుస్తులు ధరించిన ఆ పిల్లలను ఆదరముతో పలుకరించిన స్టేషను మాస్టరు, వారు అస్పృశ్యులనబడు మహారులని వినినంతనే ముఖము మార్చుకొని తన గదిలోనికి వెళ్లిపోయెను. స్టేషనుముందు బండ్లున్నవి, ఎడ్లున్నవి, బండివాండ్రకు బాడుగ కావలసియున్నది. అయినను రెట్టింపు బాడుగ ఇచ్చెదమన్నను తోలువాడు లేడు. తుదకు కుదిరిన ఒడంబడిక యేమనగా, పిల్లలు రెట్టింపు బాడుగ ఇచ్చి, పగ్గములు తామే పట్టి బండి తోలుకొనవలెను. బండివాడు ప్రక్కన నడచి రావలెను. ఇరువదియెనిమిదేండ్లు గడచి, ఆ బాలుడు విదేశములలో చదివి బారిస్టరై, 1929లో చాళీస్‌గాము వచ్చినప్పుడును టాంగావాడు ఆయనను ఎక్కించుకొని తోలుటకు ఒప్పుకొనలేదు. టాంగాను మాత్రము బాడుగకు దీసికొని, తోలుట నేర్వని తమవాని నొకని పగ్గములవద్ద కూర్చుండబెట్టిరి. ఆ బండి కల్వర్టుమీద చిక్కుకొనగా అంబేద్కరు రాతినేలపై బడి కాలు విరుగగొట్టుకొనెను. ఈ రెండు ఘట్టములను ఆయనయే వ్రాసియుంచెను.

ఈ వృత్తాంతమును చదివిన ప్రతివాడును బండివానిని నిందించును. కాని స్టేషనుముందు బండి నిలుపుటకు అనుమతి ఇచ్చినవారు, బండికి నంబరు వేసినవారు, బాడుగ రేటు నిర్ణయించినవారు ఎవరో కలరు గదా! వారి పేరు ఆ కథలో ఎక్కడను రాదు. నా వాదమంతయు ఆ రాని పేరును గూర్చినదే. బండిలోని అన్యాయమునకు బండివాడు ఎంత కారకుడో, బండికి లైసెన్సు నిచ్చి కన్నులు మూసికొన్న స్థానికప్రభుత్వము అంతకంటె మిక్కిలి కారకము. ఏలయన బండివానికి అభిప్రాయము మాత్రమే కలదు, స్థానికప్రభుత్వమునకు అధికారము కలదు.

ఆ అధికారమును వాడుకొనినవారు లేకపోలేదు. మన మదరాసు రాజధానిలోనే, 1930కి కొంచెమటునిటుగా, రామనాథపురము జిల్లా బోర్డు అధ్యక్షులైన డబ్ల్యు.పి.ఏ. సౌందరపాండ్యనుగారు, ఆదిద్రావిడులను ఎక్కించుకొనని బస్సులకు లైసెన్సు రద్దు చేయుదుమని శాసించిరి. అంతకుముందు పుణ్యపాపములను గూర్చి ధర్మోపన్యాసము లెన్ని విన్నను చలింపని బస్సు యజమానులు, లైసెన్సు పోవునన్న మాటకు చలించిరి. తరువాత 1938లో ఎం.సి. రాజాగారి పూనికవలన మదరాసు శాసనసభ 21వ చట్టమును గావించి, ప్రజల సొమ్ముతో నడచు బాటలు, బావులు, వాహనములు మొదలగువానియందు అస్పృశ్యులను అడ్డగించుట నేరమని విధించెను. ఆనాడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. బళ్లారి మదరాసు రాజధానిలోనిది. కావున ఆ చట్టము ఈ యూరి బస్సులకును చెల్లినదే. చట్టమున వాహనముల ప్రసక్తి వచ్చినదనగా, వాహనములయందు ఆ దురాచారము ఎంతగా వేరూనియుండెనో వేరుగ నిరూపింప నక్కరలేదు.

చట్టము వచ్చిన మరుసటియేడే యుద్ధము వచ్చినది. పెట్రోలునకు రేషను ఏర్పడి బొగ్గుబస్సులు వెలసినవి. వానిని చూచిన పెద్దలు ఇంకను అక్కడక్కడ కలరు: బస్సు వెనుక భాగమున పీపావంటి యినుప కొలిమి, దానిలో బొగ్గులు పోసి, ప్రయాణమునకు చాలముందే క్లీనరు కుర్రవాడు గాలిమర త్రిప్పుచు రాజవేయవలెను, వాని ముఖమున చెమటయు మసియు కలిసి కారుచుండును, గ్యాసు చాలినంత పుట్టినదా లేదా అని డ్రైవరు మాటిమాటికి దిగి చూచుచుండును, మిట్ట వచ్చినచోట ప్రయాణికులెల్లరు దిగి త్రోయవలెను. ఎమ్మిగనూరు మగ్గములపై నేసిన గుడ్డల మూటలును, ఆదోని ప్రత్తివ్యాపారపు మనుష్యులును, సంతకు పోవు రైతులును అందులోనే ఇరుకుకొనవలెను. రైళ్ల సంగతియు అట్లే. ఇంజనులును పెట్టెలును కొన్ని మధ్యప్రాచ్యమునకు తరలిపోగా, అవసరమైననే ప్రయాణింపుడని రైల్వేవారే ప్రకటనలంటించిరి. చోటు సమృద్ధిగ నున్నప్పుడు దాగియుండు భేదబుద్ధి చోటు కరవైనప్పుడు బయటపడును. బస్సు ఆగినప్పుడు త్రోయుటకు అందరి చేతులును కావలసినవే. బస్సు కదలినప్పుడు కూర్చుండుటకు మాత్రము కొందరే అర్హులు. ఈ ధర్మమే ఒక మహానగరమున, లక్షలాది తెలుగువారి ప్రాణములతో, ఎట్లు పరీక్షకు వచ్చినదో ఇక విన్నవించెదను.

ఆ నగరము బర్మాదేశపు రంగూను. 1931 జనాభా లెక్కలనాటికి అచట 4,00,415 మంది జనులుండగా వారిలో 2,12,929 మంది భారతీయులు. అనగా సగమునకు మించినవారు. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి ఓడ డెక్కుమీద కూర్చుండి పోయిన మన తీరాంధ్రులు అచట 'కోరంగీలు' అని పిలువబడిరి. ఓడలనుండి సరకు దింపువారిలోను, ధాన్యపు మిల్లులలో బస్తాలు మోయువారిలోను, రిక్షాలు లాగువారిలోను, నగరపు పాకీపని చేయువారిలోను తెలుగువారు విశేషముగ నుండిరి. విద్యుత్తుతో నడచు ట్రాము ఆ నగరమున 1906 నుండియు కలదు. కాని ట్రాము పోని సందులలోనికి దొరను, షావుకారును, ఉద్యోగిని మోసికొనిపోవునది తెలుగువాని రెక్కలే. నగరమును కడుగువాడు వాడే, నగరమును కదలించువాడును వాడే. ఆ నగరమున వానికొక యిల్లు మాత్రము లేదు. కిక్కిరిసిన కూలి బసలలో వంతులవారీగ నిద్రించు ఆ జనమును గూర్చి నగరపాలకులు ఎన్ని నివేదికలు చదివినను, పరిస్థితి మారినది లేదు. 1930 మే నెలలో కూలి హెచ్చింపుమని రేవుకూలీలు సమ్మె చేసినప్పుడు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొని, సమ్మె ముగిసిన వెంటనే వారిని తొలగించుటవలన చెలరేగిన కొట్లాటలలో నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో అత్యధికులు మన తెలుగుకూలీలే. రెండు పేదజాతులు వీధిలో కొట్టుకొనుచుండగా, రెంటికిని కూలి యిచ్చువారికి గీతయైనను పడలేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు గురిపించెను. విమానములను వింతగా చూచుటకు వీధులలో నిలిచిన జనము వేలకొలదిగ హతులైరి. తిరిగి 25వ తేదీన మరియొక దాడి. కూలీలు మూటలు నెత్తిన బెట్టుకొని, స్వదేశము చేరుటకై ప్రోము బాట పట్టిరి. అప్పుడు ప్రభుత్వమునకు ఒక్కసారిగ కన్నులు తెరచుకొన్నవి: ఓడలలోని సరకు దింపువాడు లేడు, మరుగుదొడ్లు శుభ్రము చేయువాడు లేడు, వీధులలోని కళేబరములు తీయువాడు లేడు. మహానగరమనగా భవనములు కాదని, తెల్లవారకముందే లేచి బకెట్టును చీపురును పట్టుకొనువాడే మహానగరమని నాలుగు దినములలో తేటతెల్లమైనది.

ఇట్టి సత్యము తెలిసిన పాలకులు ఏమి చేయవలసియుండెను? ఎవరిచే నగరము నిలిచినదో వారి భార్యాబిడ్డలను ముందుగ సురక్షితస్థలములకు చేర్చి, పనిచేయు మగవారికి తమ వంతు వచ్చినప్పుడు తప్పక చోటు దొరకునన్న భరోసా నిచ్చినచో వారు నిలిచియుండెడివారేమో! జరిగినది వేరు. ప్రోము బాటలో నడచిపోవుచున్న వేలమందిని అధికారులు బుజ్జగించి, సమయము వచ్చినప్పుడు మేమే చేర్చెదమని మాట ఇచ్చి, వెనుకకు మరలించిరి. పనిచేయగల భారతీయ పురుషుడు డెక్కు టిక్కెట్టుపై ఓడ ఎక్కరాదని అడ్డు పెట్టిరి. క్యాబిను టిక్కెట్టునకు సొమ్మున్నవానికి ఆ అడ్డు లేదు. తెల్లదొరకు అసలే లేదు. గాలిలో విమానము, నీటిలో ఓడ, నేలపై మోటారు ఈ క్రమముననే దొరతనమువారికి చోటు దొరకినది. తెలుగు రిక్షావానికి మిగిలినవి వాని పాదములు. ఆ పాదములతోనే వాడు అంతవరకు ఇతరులను మోసినాడు.

1942 ఫిబ్రవరి మూడవవారమున నగరమును విడిచిపొమ్మని ఆజ్ఞ వెలువడెను. మార్చి 8న జపానుసేనలు ప్రవేశించెను. ఇచ్చిన మాటకు దిక్కులేదు. కొందరు తౌంగప్ కనుమ దాటి అక్యాబుమీదుగ, మరికొందరు టాము, ఇంఫాలుల మీదుగ దిమాపూరునకు, కడపటివారు హుకాంగు లోయ బురదలో లీడోకు నడచిరి. సుమారు అయిదులక్షలమంది ఇట్లు భారతదేశము చేరిరని అంచనా. దారిలో కలరాచేతను మలేరియాచేతను ఆకలిచేతను రాలినవారి సంఖ్య పదివేలు మొదలు ఏబదివేల వరకు చెప్పబడుచున్నది. లెక్క ఇంత అస్తవ్యస్తముగ నుండుటయే ఒక సాక్ష్యము: ఎవరికి చోటు లేదో వారికి లెక్కయును లేదు. ఆ కొండదారులలోనే తెల్లవారికొక మార్గము, నల్లవారికొక మార్గము ఏర్పడినవన్న ఆరోపణ దేశమంతట మారుమ్రోగెను. పండిత హృదయనాథ కుంజ్రూ, ఎం.ఎస్. అణే గారలు స్వయముగ మణిపురపుదారి చూచివచ్చిరి. అలహాబాదున సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము ఈ జాతివివక్షను ఖండించెను. గాంధీమహాత్ముడు తన పత్రికలో దానిని గూర్చి తీవ్రముగ వ్రాసెను. ఆ సంవత్సరమే ఆగస్టున దేశము పలికిన 'క్విట్ ఇండియా' అను మాట వెనుక ఈ దారిలో రాలిన అనామకుల నిశ్శబ్దమును వినవచ్చును.

రంగూను వృత్తాంతము పరాధీనజాతికి చెందినది, స్వతంత్రదేశమున ఇట్లు జరుగదు అని కొందరనవచ్చును. వారికి ఫిలడెల్ఫియాను చూపెదను. 1944లో అది అమెరికాలో మూడవ పెద్ద నగరము. ఓడలును ఆయుధములును తయారుచేయు కర్మాగారములతో యుద్ధమునకు ఆయువుపట్టు. లక్షలాది కార్మికులను ట్రాములు, బస్సులు, రైళ్లు మోయుచుండెను. నల్లవారు ఆ ట్రాములలో ఎక్కవచ్చును, పట్టాలు బాగుచేయవచ్చును, కార్లు తుడువవచ్చును, నడుపుటకు మాత్రము వీలులేదు. నల్లవారిని డ్రైవర్లుగ తీసికొనుమని కేంద్రప్రభుత్వపు సంఘము ఆదేశింపగా, కంపెనీ ఎనిమిదిమందికి శిక్షణ ప్రారంభించెను. ఎనిమిదిమందియే! అంతమాత్రమునకే ఆగస్టు 1న తెల్ల డ్రైవర్లు సమ్మె కట్టి, నగరమునంతటిని నిలిపివైచిరి. యుద్ధరంగమునకు పోవలసిన సామగ్రి నిలిచిపోయెను. మేయరు బెర్నార్డు శామ్యూలు సారాదుకాణములు మూయించి, పోలీసులను వీధులలో నిలిపెను. అల్లరి జరుగకుండ జాగ్రత్తపడెనేగాని, ఈ సమ్మె అధర్మము, ఆ ఎనిమిదిమంది మా నగరపౌరులు, వారు బండి నడిపి తీరవలెను అని గట్టిగ పలికి ముందు నిలువలేదు. మూడవదినమున అధ్యక్షుడు రూజ్వెల్టు ట్రాముకంపెనీని సైన్యాధీనము గావించెను. అయిదువేల సైనికులు నగరమున దిగిరి. సోమవారము పనికి రానివానికి ఉద్యోగమును పోవును, సైన్యమున చేరనక్కరలేదన్న మినహాయింపును పోవును అని ప్రకటింపగనే సమ్మె కూలెను. శిక్షణ పొందిన నల్లవారు ట్రాములు నడిపిరి. వంగని ద్వేషముండదని, వంచువాడు లేకపోవుటయే లోపమని ఆ వారము దినములు నిరూపించినవి.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. మసూరు బండివాని కులాచారము, రంగూను దొరల జాత్యహంకారము, ఫిలడెల్ఫియా కార్మికుల వర్ణద్వేషము — ఈ మూడింటిని ఒకే త్రాట కట్టుట న్యాయమా? మూలములు వేరనుటలో సందేహము లేదు. కులము శౌచమును గూర్చి మాటాడును. వర్ణద్వేషము రక్తమును గూర్చి మాటాడును. ఫిలడెల్ఫియా డ్రైవరు తన జీతమును గూర్చియు భయపడెను. కాని స్థానికపాలకుని దృష్టినుండి చూచినచో మూడింటను సమస్య యొక్కటే. పన్ను కట్టినవాడు, పని చేసినవాడు, టిక్కెట్టు సొమ్ము చేత బట్టుకొని బండిమెట్టువద్ద నిలిచినాడు. వానిని ఎక్కనిచ్చుటయా, దింపివేయుటయా? అప్పుడు పాలకుని నోటవచ్చు సమాధానమును మూడుచోట్లను ఒక్కటే: 'ఇది మా పరిధిలోనిది కాదు.' కంపెనీది అనును, పోలీసుది అనును, పైప్రభుత్వముది అనును, ప్రజల ఆచారమనును. రామనాథపురము జిల్లా బోర్డునకు ఫిలడెల్ఫియా మేయరునకున్న బలములో శతాంశమైనను లేదు. అయినను ఉన్న ఒక్క లైసెన్సును ఆయుధము గావించుకొనినది. అధికారపు పరిమాణము కాదు, దానిని ఎక్కడ ప్రయోగింపవలెనో ఎరిగి ప్రయోగించుటయే పాలనము.

స్వతంత్రభారతమున రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించెను. 1955 నాటి చట్టము ప్రజావాహనములలో ఎక్కనీయకపోవుట నేరమని స్పష్టముగ పేర్కొనెను. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థ బస్సులో కండక్టరు కులమడుగడు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరనాడు కిక్కిరిసిన బస్సులో ఎవరి భుజము ఎవరికి తగులుచున్నదో తెలియని ఆ రద్దీ, ఎన్నో సంస్కరణసభలు సాధింపలేని పనిని సాధించినదని నేను నమ్ముదును. కాని సంతృప్తి పడుటకు వేళ కాలేదు. కోసిగి, మంత్రాలయము, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి ఏటేట గుంటూరు మిరపకోతలకును బెంగుళూరు కట్టడపు పనులకును 'సుగ్గి'కి పోవు కుటుంబములు ఎట్లు ప్రయాణము చేయుచున్నవి? బియ్యపుమూటలు, వంటపాత్రలు, చంటిపిల్లలు, ముసలివాండ్రు ఒకే లారీలో. ఆ లారీకి సరకు మోయుటకే అనుమతి. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌను విధించి రైళ్లను బస్సులను ఆపివేసినప్పుడు ఆ సుగ్గిజనము చిక్కుకొనిపోయిరి. దేశమంతట వలసకూలీలు రహదారులవెంట నడచిరి. విదేశములలోనివారికి విమానములు పంపుటకు ఏర్పాట్లు చురుకుగ సాగిన ఆ నెలలలోనే నడచిపోవుచున్నవారికి మే 1 వరకు ప్రత్యేకమైన రైలు లేదు. ఇందులో జాతిభేదము లేదనుట నిజమే. కాని చోటు దొరకిన క్రమమును పరిశీలించినచో, 1942 నాటి ప్రోము బాటకు దగ్గరి చుట్టము కాదనలేము.

కావున ఆదోని, ఎమ్మిగనూరు పట్టణముల పురపాలకులకు నేను విన్నవించునది మూడే మాటలు. మొదటిది, సుగ్గికి జనమును తరలించు బండ్లను గూర్చి ప్రతి పాలకవర్గమును రవాణాధికారులతో కూర్చుండి, మనుష్యులు మనుష్యులవలె ప్రయాణించు బస్సులు సీజనునందు ఏర్పాటు చేయించుట తన పనియేయని అంగీకరింపవలెను. రెండవది, పట్టణమును శుభ్రము చేయు పారిశుద్ధ్యకార్మికులు తెల్లవారుజామున పనికి వచ్చుటకు ఏ బండియు లేని పేటలను గుర్తించి, మొదటి బస్సు ఆ పేటలనుండి బయలుదేరునట్లు చూడవలెను. రంగూను నాలుగు దినములలో నేర్చిన పాఠమును మనము ఏ బాంబులును పడకయే నేర్చుకొనవచ్చును. మూడవది ముఖ్యమైనది. వరద గానీ వ్యాధి గానీ యుద్ధము గానీ వచ్చినప్పుడు ఎవరిని ముందుగ తరలింపవలెనో ఆ జాబితా విపత్తువేళ వ్రాయబడినచో, అది అధికారి బంధువులతోను ధనవంతుల పేరులతోను నిండును. శాంతివేళ, సభలో, అందరి యెదుట, తీర్మానరూపమున వ్రాయబడినచో అందులో రిక్షావాడును, పారిశుద్ధ్యకార్మికుడును, హమాలీయును, గర్భిణియు మొదటి పుటలో నుందురు.

అట్టి తీర్మానమునకు గొప్ప నిధులు అక్కరలేదు, పైప్రభుత్వపు ఆజ్ఞ అక్కరలేదు. ఒక సభ్యుడు ప్రతిపాదించి, మరియొకడు బలపరచిన చాలును. ఈ ఉపన్యాసము ఎవరి స్మృతికై ఏర్పడినదో ఆ పెద్దలు జీవించియున్నచో ఆ ప్రతిపాదనను తామే చేసియుందురు. వారు లేరు గనుక ఆ బాధ్యత ఈ సభలోనున్న కౌన్సిలర్లది. వారు చేయనిచో, వారిని ఎన్నుకొనిన మీది.